త్రికరణశుద్ధి - ధర్మపురి శేషప్పకవి

మన పల్లెలలో పెద్దలు ఒక మనుష్యుని మెచ్చుకొనవలసి వచ్చినప్పుడు అతని చదువును గాని, సంపదను గాని ముందుగా చెప్పరు. "లోపల ఒకటి, పైకి ఒకటి లేనివాడు" అని చెప్పుదురు. ఈ మెప్పునకు శాస్త్రకారులు పెట్టిన పేరు త్రికరణశుద్ధి. మనస్సు, వాక్కు, కాయము అను మూడు కరణములును ఒక్క త్రోవనే నడచుట యని దాని యర్థము. తలచినదే పలుకుట, పలికినదే చేయుట. వినుటకు ఇది చిన్నపిల్లలకు చెప్పు పాఠమువలె సులభముగా తోచును. ఒక్క దినము ఉదయము మొదలు రాత్రి వఱకు పాటించి చూచినవారికి దాని బరువు తెలియును.

ఇందు మఱొక చిక్కు కలదు. మనము సాధారణముగా నీతిని ఒక గదిలోను, భక్తిని వేఱొక గదిలోను ఉంచుకొనుచుందుము. ప్రాతఃకాలమున దేవుని యెదుట కూర్చుండిన మనిషియు, పదిగంటలకు అంగడిలో తక్కెడ పట్టుకొనిన మనిషియు ఒక్కరే యను సంగతి మనకు తఱచు జ్ఞాపకము రాదు. సత్యము పలుకుట లోకవ్యవహారమునకు సంబంధించిన నీతి యనియు, ఆధ్యాత్మిక సాధన యనగా జపము, తపము, తీర్థయాత్ర యనియు విభాగము చేసికొని హాయిగా నుందుము. ఈ రెండు గదుల నడుమ గోడను పడగొట్టిన కవి యొకడు మన ఉత్తర తెలంగాణమున గోదావరీ తీరమున నుండెను. అతడే ధర్మపురి శేషప్ప.

ధర్మపురి నేడు జగిత్యాల జిల్లాలోనిది. 2016 అక్టోబరు వఱకు కరీంనగరు జిల్లాలో నుండెను. గోదావరి దక్షిణపు టొడ్డున నున్న ఈ ఊరినుండి నదికి ఆవలి వైపు చూచినచో కనబడు నేల పూర్వపు ఆదిలాబాదు జిల్లా. లక్ష్మీనరసింహస్వామి ఆలయము, దాని చెంతనే రామలింగేశ్వరస్వామి ఆలయము, ఫాల్గుణమాసమున బ్రహ్మోత్సవములు, బ్రహ్మపుష్కరిణిలో తెప్పోత్సవము మన పాఠకులలో పెక్కురు చూచియే యుందురు. కాని ఈ క్షేత్రమునకు గల ప్రత్యేకత వేఱొకటి. ఇచ్చట యమధర్మరాజునకు గుడి కలదు. యముడనిన మనము పేరు పలుకుటకే వెఱచుచుందుము. అట్టివానికి ఇచ్చటి ప్రజలు గుడి కట్టి, గండములు తొలగుటకై గండదీపములో నూనె పోయుచున్నారు. ధర్మపురికి వచ్చినవారికి యమపురి లేదను సామెత ఈ ప్రాంతమున అందఱి నోటను వినబడును. యమునికే ధర్మరాజని పేరు గదా! న్యాయాధికారిని ఊరి నడుమ కూర్చుండబెట్టుకొని బ్రదుకుట సామాన్యమైన సంగతి కాదు.

శేషప్ప ఈ ఊరివాడు. నేటికి రెండువందల సంవత్సరములకు పూర్వపువాడు. నరహరి శతకము, నృకేసరి శతకము, నరసింహ శతకము అను మూడింటిని తన ఊరి దేవునిపై రచించెను. వానిలో సీసపద్యములలో నడచిన నరసింహ శతకము తెలుగుదేశమంతట వ్యాపించినది. వీధిబడులలో పిల్లలు వల్లించినారు. చదువు రాని వృద్ధులు విని విని కంఠస్థము చేసినారు. పద్యము పద్యమునకు మకుటములో ధర్మపురి పేరు వచ్చును గనుక, ఆ ఊరిని ఎన్నడు చూడని గుంటూరు పిల్లవానికిని, బళ్ళారి పిల్లవానికిని దాని పేరు నోటికి వచ్చినది. తెలంగాణమున కవులు లేరను ఆక్షేపణకు సమాధానముగా సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించిన సంగతి ప్రసిద్ధము. ఆ ఆక్షేపణ చేసినవారు సైతము బాల్యమున ధర్మపురి పద్యములు వల్లించియే యుందురని మాకు తోచుచుండును.

అట్లు వల్లించుటవలన ఒక నష్టము కూడ కలిగినది. బాల్యమున కంఠస్థమైన పద్యమును మనము పెద్దయైన పిమ్మట మరల చదువము. అది మనకు తెలిసినదే యని యనుకొందుము. కాబట్టి ఆ శతకమును ఒకమాఱు పెద్దవారి కన్నులతో చూతము.

శతకారంభముననే కవి తన్నుగూర్చి యొక లెక్క చెప్పుకొనుచున్నాడు. తాను గణములు, యతిప్రాసల లక్షణము చూడలేదట. పంచకావ్యములు చదువలేదట. అమరకోశము మూడు కాండలును చూడలేదట. శాస్త్రగ్రంథములు పఠింపలేదట. స్వామి కటాక్షముచేత వ్రాయుచున్నాడే కాని అది తన ప్రజ్ఞ కాదట. కవులు కావ్యారంభమున వినయము ప్రకటించుట మనకు క్రొత్త కాదు. రఘువంశారంభమున కాళిదాసంతటివాడు, చిన్న తెప్పతో సముద్రము దాటబూనినవానితో తన్ను పోల్చుకొనెను. అది అందమైన వినయము; చదువరి దానిని నమ్మవలెనని కవియు కోరలేదు. శేషప్ప చెప్పినది అట్టిది కాదు. అది వినయమున కంటె లెక్కకు దగ్గఱగా నున్నది. ఆ కాలమున చదువుకొన్నవాడనిపించుకొనుటకు ఏయే గ్రంథములు చదువవలెనో వానినే వరుసగా పేర్కొని, ఇది లేదు, ఇది లేదు అని చెప్పెను. పండితులు నిండిన క్షేత్రమున నివసించుచు ఇట్లు చెప్పుట ఎంత కష్టమో ఆలోచింపుడు. చదువలేదని చెప్పినంతమాత్రమున అతనికి సీసము రాదని కాదు. అతని సీసములు ధారాళముగా నడచును. చెవితో నేర్చినవాడై యుండును.

ఆ వెంటనే అతడొక ఉపమానము తెచ్చుచున్నాడు. చెఱకుగడ వంకరగా పెఱిగినంతమాత్రమున దాని తీపి చెడునా యని యడుగుచున్నాడు. ఇందులో మేము ముఖ్యముగా గమనింపగోరునది ఒకటి కలదు. తన వంకరను అతడు దాచలేదు. అట్లని దానిని తలచుకొని క్రుంగిపోను లేదు. మనలో చాలమంది ఈ రెండింటిలో ఏదో ఒకదాని పాలగుదుము. పెండ్లి సంబంధము మాటలాడునప్పుడు కుమారుని జీతము కొంత పెంచి చెప్పుట మొదటి దోషము. నలుగురిలో కూర్చుండినప్పుడు "మాబోటి అజ్ఞానులము" అని మాటిమాటికి అనుచు, ఎవరైన కాదని పొగడుదురా యని ఎదురుచూచుట రెండవ దోషము. రెండును అసత్యములే. ఉన్న కొలతకు సరిగా నిలుచుట మూడవ మార్గము. శేషప్ప తన భక్తిని అచ్చటనే ప్రారంభించెను. దేవుని ముందు నిలుచువాడు మొట్టమొదట తానెవరో నిజము చెప్పవలెనని అతని పద్ధతి.

ఇక శతకమున ప్రసిద్ధమైన మఱొక పద్యమును తీసికొందము. భూమిమీది తీర్థములన్నియు తిరుగవచ్చును, నదులలో స్నానము చేయవచ్చును, సంధ్య వార్చవచ్చును, జపమాల త్రిప్పవచ్చును, వేదార్థము విప్పి చెప్పవచ్చును, యజ్ఞములు చేయవచ్చును, కోట్ల ధనము దానము చేయవచ్చును. ఇవి యన్నియు మనిషికి సాధ్యములే. సాధ్యము కానిది ఒక్కటే. మనస్సు మఱొక చోటికి పోకుండ స్వామి పాదములయందు నిలుపుట. ఇది ఆ పద్యపు తాత్పర్యము.

కర్మకాండను నిందించిన కవులు మనకు కొందఱున్నారు. కాని శేషప్ప నిందింపలేదు. అతడు పలికిన మాట "వ్యర్థము" కాదు, "సులభము". ఈ భేదమును గుర్తింపవలెను. ఇంకొక సంగతి కూడ కలదు. ఈ మాట చెప్పిన ఊరు తీర్థయాత్రికులవలన బ్రదుకు ఊరు. స్నానసంకల్పములు, జపములు, దానములు ఆ వీధులలో నిత్యకృత్యములు. అట్టి ఊరిలో కూర్చుండి, ఇవి యన్నియు తేలికయైనవే, అసలు పని వేఱొకటి కలదని చెప్పుట పరుల ఊరిలో చెప్పుటవంటిది కాదు. దూరపు వారి దోషములను ఎత్తిచూపుటకు ధైర్యము పనిలేదు. తన వీధిలో, తనవారి నడుమ నిజము చెప్పుటకు పని గలదు.

మనస్సును నిలుపుట యనగా కన్నులు మూసికొని కూర్చుండుట యని మాత్రమే మనము గ్రహింతుమేమో యని కాబోలు, మఱొక పద్యమున అతడు నేరుగా ఇంటిలోనికి వచ్చినాడు. ఇది చేయుటకంటె అది మేలు, అని వరుసగా చెప్పిన పద్యమది. అడిగినవారికి ఈయక హాని చేయుటకంటె విషము తినుట మేలట. బ్రదుకలేక దొంగతనము చేయుటకంటె కొంగు చాపి బిచ్చమెత్తుట మేలట. ఆడుబిడ్డల సొమ్ము అపహరించుటకంటె బండ కట్టుకొని నూతిలో పడుట మేలట. మాటలు కఠినముగా నున్నవి. చావవలసినదని కవి చెప్పుచున్నట్లు అక్షరార్థము తీసికొనరాదు. ఆ పాపములను ఎంత అసహ్యించుకొనెనో తెలుపుటకు వాడిన తీవ్రతగానే గ్రహింపవలెను.

వీనిలో ఆడుబిడ్డల సొమ్ము అను మాటవద్ద కొంచెము నిలువవలెను. మన ప్రాంతమున ఆడిబిడ్డ యనగా ఇంట పుట్టిన ఆడపిల్ల. ఈ దోషమును కవి దొంగతనముతోడను, పరస్త్రీలను చెఱచుటతోడను ఒకే పద్యమున చేర్చెను. ఆ నాడు ఆడపిల్ల సొమ్మనగా పసుపుకుంకుమలక్రింద పుట్టింటివారిచ్చినదియు, ఒంటిమీది నగయు. నేడు ఆమె హక్కు అంతకంటె విస్తరించినది. ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమానమైన భాగము నిచ్చుచు ఆంధ్రప్రదేశ్ శాసనసభ హిందూ వారసత్వ చట్టమును సవరించినది. ఆ సవరణ 1985 సెప్టెంబరు నుండి అమలు పొందినది. 2005లో దేశమంతటికిని అదే న్యాయము వర్తించినది. ఐనను భూమి అమ్మకమునకు వచ్చినప్పుడు అక్కచెల్లెండ్రను పిలిపించి, చీరలు పెట్టి, భోజనము పెట్టి, హక్కు విడుదల పత్రముపై సంతకము చేయించుకొనుట అనేక కుటుంబములలో జరుగుచునే యున్నది. ఆమె మనస్ఫూర్తిగా ఇచ్చినచో అది వేఱు. పుట్టింటి గడప మూసికొనిపోవునను భయముచేత ఇచ్చినచో, ఆ కాగితము చట్టమునకు సరిపోవచ్చును. శేషప్ప చెప్పిన ధర్మమునకు సరిపోదు. ఆ సొమ్ములోనుండియే కొంత తీసి అన్నదమ్ములు సకుటుంబముగా యాత్రకు బయలుదేరుటయు కలదు. సంతకము చేయించిన చేతియు, గండదీపములో నూనె పోసిన చేతియు ఒక్కటే.

నిజాయితీగా నుండినవానికి లోకమున మేలు కలుగునని చెప్పి పిల్లలను ప్రోత్సహించుట మనకు అలవాటు. శేషప్ప ఆ మాట కూడ చెప్పలేదు. నిజమునకు అతడు దానికి విరుద్ధముగానే చెప్పెను. విద్యావంతులకు విలువ లేదు, శుంఠలకు సభలలో గౌరవము దొరకినది, సత్యము పలుకువాని మాట జనులకు గిట్టుట లేదు, వదరుబోతు మాటకు పేరు వచ్చినది, ధర్మము వాదించువారు దరిద్రులైనారు, లోభులు ధనవంతులైనారు. తన కాలపు లోకము ఇట్లున్నదని అతడు స్వామికి మొఱపెట్టుకొనెను. సత్యమువలన లాభము కలదని నమ్మి సత్యమును పట్టుకొనినవాడు లాభము రానినాడు దానిని విడుచును. లాభము లేదని తెలిసియే పట్టుకొనినవానికి విడుచుటకు కారణము దొరకదు. తాను ఐశ్వర్యమునకై స్వామిని వెంటాడలేదనియు, బంగారము గాని పల్లకి గాని అడుగలేదనియు, అడిగినది మోక్షము ఒక్కటే యనియు అతడు మఱొకచోట చెప్పిన మాటకు అర్థము ఇక్కడ తెలియుచున్నది.

సత్యవంతుని మాట చెల్లకపోవుట శేషప్ప కాలముతోనే ముగియలేదు. ధర్మపురివద్ద గోదావరి దాటి ఉత్తరముగా ఆదిలాబాదు కొండలలోనికి పోయినచో 20వ శతాబ్దమున అదే కథ మఱియొక రూపమున కనబడును. అచ్చటి గోండులు, కోలాములు తరతరములుగా దున్నుకొనిన నేల తమదే యని నమ్మియుండిరి. దానికి కాగితము కావలెనని వారికి తోచలేదు. నోటిమాటయే వారికి పత్రము. బయటినుండి వచ్చినవారు కచేరీలలో పట్టాలు పుట్టించుకొనిరి. మిగిలిన నేలను అటవీశాఖ హద్దురాళ్ళు వేసి తీసికొనెను. మాట తప్పనివాడు కాగితము గలవాని యెదుట ఓడిపోయెను. కొమరం భీము నాయకత్వమున తిరుగుబాటు చెలరేగి, 1940లో జోడెఘాటువద్ద పోలీసు కాల్పులలో ఆయన మరణించిన కథ మన ప్రాంతమున తెలియనివారు లేరు.

ఆ తిరుగుబాటునకు కారణము లేమో విచారించుటకు నిజాం ప్రభుత్వము నియోగించినది ఒక విదేశీయుని. ఆయన క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుడు. 1909లో వియన్నాలో పుట్టినవాడు. రెండవ ప్రపంచయుద్ధము వచ్చుటతో ఆంగ్లేయుల దృష్టిలో శత్రుదేశ పౌరుడై, హైదరాబాదు సంస్థానము దాటి పోరాదను కట్టడిలో నుండెను. ఆశ్రయమిచ్చినది నిజాం ప్రభుత్వము. అట్టివాడు ఏమి వ్రాసియున్నచో క్షేమముగా నుండునో ఊహించుట కష్టము కాదు. ఆయన భార్య బెట్టీతో కూడ మార్లవాయి యను గోండు గ్రామమున కాపురముండి, వారి భాష నేర్చి, వారి నేల యెట్లు పోయినదో, క్రింది యుద్యోగులు వారివద్ద ఏమేమి వసూలు చేసిరో దాచక నివేదించెను. ఆ నివేదికలు 1945లో గ్రంథరూపమున వెలువడినవి. ఆ మాటలను విని చర్య తీసికొనిన అధికారులు ఆ ప్రభుత్వములోనే యుండిరని చెప్పుట కూడ న్యాయము. మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణకేంద్రము వెలసినది. భూమిలేని గోండులకు పట్టాలు లభించినవి. 1356 ఫసలీలో, అనగా 1946లో, గిరిజన ప్రాంతముల రక్షణకు శాసనము వచ్చినది.

హైమన్‌డార్ఫు భక్తుడని మేము చెప్పబోము. ఆయనను ఇచ్చట తలచుకొనుటకు కారణము వేఱు. శేషప్ప ఏ మాటనైతే జనులకు గిట్టని మాట యనెనో, ఆ మాటను పలికి, పలికిన చోటనే నివసించి, జీవితాంతము దానికి కట్టుబడినవారు మన కొండలలోనే యుండిరని చూపుట. ముప్పది యేండ్ల పిమ్మట తిరిగి వచ్చి చూచినప్పుడు, ఇప్పించిన భూములు అనేకము మరల పరులపాలైనట్లు ఆయనకు కనబడెను. 1982లో ప్రచురించిన గ్రంథమున ఆ నిజమును కూడ వ్రాసెను. తన కృషి ఫలించినదని చెప్పుకొని సంతోషించుటకు చోటున్నను చెప్పుకొనలేదు. బెట్టీ 1987లో మరణింపగా మార్లవాయిలోనే సమాధి చేసిరి. 1995లో లండనులో మరణించిన ఆయన అవశేషములను 2012లో తెచ్చి ఆమె సమాధి ప్రక్కన నుంచిరి.

మరల నది దాటి ధర్మపురికి వత్తము. సత్యమును గూర్చి మాటలాడువారికి ఒక ప్రమాదము కలదు. ఇతరులకు చెప్పి చెప్పి తాము అందుకు అతీతులమని యనుకొందురు. శేషప్ప కాప్రమాదము తగులలేదనుటకు శతకమునందే సాక్ష్యము కలదు. బ్రదికియున్నంతకాలము స్వామి భజన మానను అని ఒక పద్యమున మాట ఇచ్చెను. సామాన్యుడైన భక్తకవి అంతటితో ముగించి, మరణకాలమున కూడ నీ నామమే పలికెదను అని ప్రతిజ్ఞ చేసియుండును. శేషప్ప అట్లు చేయలేదు. యమదూతలు వచ్చి ప్రాణమును పెకలించునప్పుడు తాను స్వామిని మఱచిపోదునేమో యని ఒప్పుకొనెను. కఫము క్రమ్మి, ఒళ్ళు వణకి, నాలుక తిరుగని ఆ సమయమున నారాయణా యని పిలువగలనో లేనో తనకు నమ్మకము లేదనెను. యముని గుడి గల ఊరిలో కూర్చుండి, తనకు భయము లేదని అనలేదు.

చేయలేనేమో యనిపించిన ప్రతిజ్ఞను దేవునికి సైతము చేయకుండుట. మన ఇండ్లలో మ్రొక్కులు మ్రొక్కుకొను తీరును దీనితో పోల్చి చూడుడు. జబ్బు తగ్గినచో ఇది చేయుదును, పరీక్ష నెగ్గినచో అది చేయుదును అని ఆపదలో మాట ఇచ్చి, గండము గడచిన పిమ్మట మఱచి, అటుపైన మ్రొక్కు మఱచినందుకు భయపడి మఱొక మ్రొక్కు మ్రొక్కుకొందుము. శేషప్ప ఈ అప్పు చేయలేదు. చివరి గడియను గూర్చి పూచీ ఇయ్యలేను గనుక, ఆనాడు చేయవలసిన నామస్మరణను నోరు తిరుగుచున్న ఈనాడే చేయుచున్నాననియు, ఇప్పుడే చెవి యొగ్గి వినవలసినదనియు స్వామిని కోరెను.